అరసవల్లి సూర్యుడు, శ్రీకూర్మం తాబేలు

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని అరసవల్లి ఉన్నది. అక్కడి నుండి సముద్రం దిక్కుగా కొద్ది కిలోమీటర్లు సాగితే శ్రీకూర్మం వస్తుంది. ఒకచోట సూర్యనారాయణమూర్తి, రెండవచోట కూర్మనాథుడు. మన దేశంలో సూర్యునికి నిత్యపూజలు జరిగే ఆలయాలు తక్కువ. కూర్మావతారమే మూలవిరాట్టుగా వెలసిన ఆలయాలు మరీ అరుదు. ఆ రెండూ ఒక్క పూట ప్రయాణంలో ఇమిడిపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ప్రాణిశాస్త్రం దృష్టితో చూచినప్పుడు ఈ పొరుగుతనానికి చక్కని అర్థం స్ఫురిస్తుంది. తాబేలుకు సూర్యుడే ప్రత్యక్ష దైవం. ఆయన ఎండ సోకనిదే అది కాలు కదపలేదు, తిన్న మేత అరిగించుకోలేదు.

ఈ సంగతి ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఉన్నది. ఈ మధ్య నగరాలలో కొందరు యువకులు గాజుపెట్టెలలో ఒక విదేశీ తొండను పెంచుకొంటున్నారు. దాని పేరు బియర్డెడ్ డ్రాగన్. గొంతు కింది ముళ్ళ తిత్తిని ఉబ్బించినప్పుడు గడ్డంలా కనిపిస్తుంది కనుక దానిని గడ్డపు తొండ అనవచ్చు. స్వస్థలం ఆస్ట్రేలియా నడిభాగపు మెట్టభూములు. మన కంచెల మీద తల ఆడించే తొండా, ఇదీ ఒకే కుటుంబానికి చెందినవి, అంటే దాయాదులు. చలికాలం వచ్చేసరికి ఇది మందగించి, మేత మాని, ఒక మూల పడి ఉంటుంది. దానిని ఎలా వెచ్చగా ఉంచాలి, ఎలా చురుకుగా తిరిగేటట్లు చేయాలి అన్నది పెంచేవారి ప్రశ్న. ప్రశ్న కొత్తదిగా తోస్తుంది గాని, దాని వెనుక రెండు శతాబ్దాలకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను మన ఊరి గుడి నుండే మొదలుపెట్టవచ్చు.

శ్రీకూర్మం ఆలయం శాసనాలకు ప్రసిద్ధి. గంగరాజుల కాలం నుండి చెక్కించిన శాసనాలు అక్కడి స్తంభాల మీద బారులు తీరి కనిపిస్తాయి. తెలుగు భాషాచరిత్ర చదివేవారికి అవి పెన్నిధి. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థుల శాసనం ఒకటి శక సంవత్సరం 1203 నాటిది, అనగా క్రీ.శ. 1281. ఈ శాసనాలలో తరచుగా కనిపించే దానం అఖండ దీపం. రాజులు, రాణులు, మంత్రులు, సామాన్య గృహస్థులు కూడా కూర్మనాథుని ఎదుట ఎన్నడూ ఆరని దీపం వెలగాలని ధనమో, భూమియో, గోవులనో సమర్పించారు. దీపానికి నెయ్యి కావాలి, నెయ్యికి ఆవులు కావాలి, ఆవులకు కాపరి కావాలి. దానం ఇచ్చి ఊరుకోక, అది కొనసాగే ఏర్పాటును కూడా రాతిలో చెక్కించడం ఆ కాలపు వారి పద్ధతి. ఈ పద్ధతిని పాఠకులు కొంచెం గుర్తుంచుకోవలెనని మనవి. వ్యాసం చివర దానితో మనకు పని పడుతుంది.

అదే ఆలయ ఆవరణలో రాతి కూర్మంతో పాటు ప్రాణమున్న కూర్మాలు కూడా ఉన్నాయి. వీటిని నక్షత్ర తాబేళ్ళంటారు. నల్లని డిప్ప మీద ఒక్కొక్క బుడిపె నుండి పసుపుపచ్చని గీతలు కిరణాల్లా విచ్చుకొని ఉంటాయి. ఈ జాతిని 1795లో వర్ణించిన జర్మను శాస్త్రజ్ఞుడు షోప్ఫ్ దానికి "ఎలిగాన్స్", అనగా సొగసైనది, అని పేరు పెట్టాడు. ఇది చెరువు తాబేలు కాదు. మెట్టలలో, గడ్డిభూములలో, ముళ్ళపొదల నడుమ తిరిగే ప్రాణి. దానిని నీళ్ళలో వదలిపెడితే పుణ్యం కాదు, ప్రాణాపాయం. స్వామి స్వరూపమన్న భక్తితో జనం వీటిని గుడికి సమర్పించడం వలన ఆలయం వీటికి ఆశ్రయమైంది.

ఇక్కడ భాషాధ్యయనం చేసినవాడిగా ఒక మాట చెప్పాలనిపిస్తున్నది. భగవద్గీత రెండవ అధ్యాయంలో స్థితప్రజ్ఞునికి తాబేలును ఉపమానంగా చెప్పారు. తాబేలు తన అవయవాలను లోపలికి ముడుచుకొన్నట్లు ఇంద్రియాలను విషయాల నుండి మరల్చుకొనేవాడు స్థితప్రజ్ఞుడని భావం. ఉపమానం అద్భుతమైనది, అందులో సందేహం లేదు. అయితే ఉపమానం మనిషి కోసం చెప్పినది, తాబేలు కోసం కాదు. పుష్యమాసపు ఉదయం సిమెంటు గచ్చు మీద కాళ్ళూ తలా ముడుచుకొని కదలక ఉన్న తాబేలును చూచి "ఆహా, ఎంత ప్రశాంతంగా ఉన్నదో!" అని చేతులు జోడించే భక్తులుంటారు. అది ప్రశాంతత కాదు. దానికి చలి వేస్తున్నది. మనవలె ఒంటిలో వేడి పుట్టించుకొనే శక్తి దానికి లేదు. బయటి వేడి ఎంతయితే దాని చురుకుదనం అంత. నిశ్చలతను నిగ్రహంగా పొరబడడమే మనిషి పెంచిన సరీసృపాలకు అన్ని దేశాలలోనూ పట్టిన దుర్దశకు మూలం.

మన ఉత్తరాంధ్ర తీరానికి సరీసృపాల శాస్త్రచరిత్రలో గౌరవప్రదమైన స్థానమే ఉన్నది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1782లో తన తమ్మునితో పాటు విశాఖపట్నం వచ్చి, 1789 వరకు ఈ దేశంలో ఉన్నాడు. తూర్పు ఇండియా కంపెనీ తరఫున ప్రకృతి పరిశోధకునిగా పనిచేస్తూ ఇక్కడి పాములను సేకరించి, పరిశీలించి, 1796లో లండనులో బొమ్మలతో గొప్ప గ్రంథం ప్రచురించాడు. ఆయన చేసిన మేలైన పని ఒకటున్నది. పాములకు స్థానికులు పలికే పేర్లను విన్నవి విన్నట్లు వ్రాసుకొన్నాడు. ఇప్పుడు ఆయన పేరనే రస్సెల్స్ వైపర్ అని లోకం పిలిచే సర్పానికి ఆయన వ్రాసుకొన్న పేరు "కాటుక రేకుల పొడ". ఆయన నమోదు చేసిన "బంగారుం పాము" అన్న పేరు నుండే కట్లపాముల ప్రజాతికి "బంగారస్" అన్న శాస్త్రీయ నామం వచ్చింది. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు నేడు పలుకుతున్నది మన తెలుగు మాట! పొలాల్లో తిరిగే సామాన్యుల పరిజ్ఞానం ఆ పేర్లలో నిలిచి ఉన్నది. ఏ పాము ఎక్కడ ఎండ కాచుకొంటుందో, ఏ వేళ బయటికి వస్తుందో వారికి తెలియకపోతే ఇంత నిశితమైన పేర్లు పుట్టి ఉండేవి కావు.

రస్సెల్ ఇక్కడ పాములను పరిశీలిస్తున్న ఆ సంవత్సరాలలోనే ఇంగ్లండులోని సెల్‌బోర్న్ గ్రామంలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు ఒక తాబేలును గమనిస్తూ ఉన్నాడు. దాని పేరు తిమోతీ. మేనత్త మరణించిన తరువాత 1780లో అది ఆయనకు సంక్రమించింది. అది మధ్యధరా సముద్ర ప్రాంతపు జాతి. ఇంగ్లండు చలికి తట్టుకోలేక నవంబరులో మట్టి తవ్వుకొని లోపలికి దిగి, ఏప్రిల్‌లో గాని పైకి వచ్చేది కాదు. దాని ప్రతి కదలికనూ వైట్ తేదీలతో సహా దినచర్యలో వ్రాసిపెట్టాడు. ఎండ కాసే గోడ పక్కకు ఎప్పుడు చేరుతుందో, మబ్బు పట్టినప్పుడు ఎట్లా మెలగుతుందో ఓపికగా చూచాడు. ఆయన గ్రంథం 1789లో వెలువడింది. ఆయన 1793లో మరణించగా, తిమోతీ మరుసటి సంవత్సరం కన్ను మూసింది. దాని డిప్పను లండనులోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భద్రపరచారు. అందరూ మగదనుకొన్న తిమోతీ ఆడ తాబేలని తరువాత పరీక్షలో తేలింది. అంత శ్రద్ధగా గమనించిన మనిషికి కూడా చేతిలో ఉన్న ప్రాణిని గురించి తెలియనిది మిగిలే ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

తరువాతి ఘట్టం లండను జంతుప్రదర్శనశాలది. అక్కడ 1849లో సరీసృపాల కోసం ప్రత్యేక గృహాన్ని తెరిచారు. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిదని చెబుతారు. గది అంతటినీ ఒకే తీరున వేడి చేస్తే సరిపోతుందని ఆ కాలపు భావన. అది చాలదని గ్రహించి దారి మార్చినవారిలో ముఖ్యురాలు జోన్ ప్రోక్టర్ అనే శాస్త్రవేత్త. ఆమె రూపకల్పన చేసిన కొత్త సరీసృప గృహం 1927లో తెరుచుకొన్నది. ఒక్కొక్క ప్రాణి గూటిలో ఒక భాగాన్ని మాత్రమే విద్యుత్తుతో వేడి చేసి, మిగిలిన భాగాన్ని చల్లగా ఉంచే ఏర్పాటు అందులో చేశారు. మామూలు గాజు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో శరీరానికి అవసరమైన భాగాన్ని ఆపివేస్తుంది. కనుక ఆ కిరణాలను పోనిచ్చే ప్రత్యేకమైన గాజును వాడారు. ఆ కిరణాలు సోకనిదే ఒంట్లో విటమిన్ డి తయారు కాదు. అది లేనిదే సున్నం ఎముకలకు పట్టదు. పసిపిల్లలకు వచ్చే రికెట్స్ వంటి జబ్బే తొండలకూ తాబేళ్ళకూ వస్తుంది. ఎముకలు మెత్తబడతాయి, దవడ వంకర పోతుంది, డిప్ప రూపు చెడుతుంది. ప్రోక్టర్ 34 ఏళ్ళకే 1931లో అనారోగ్యంతో మరణించింది. నేటికీ సరీసృపాలను పెంచే ప్రతి గాజుపెట్టెలో ఆమె ఆలోచన పనిచేస్తూనే ఉన్నది.

ఈ ఆలోచనకు శాస్త్రీయమైన పునాది 1944లో పడింది. రేమండ్ కోల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియా ఎడారి సరీసృపాల మీద చేసిన పరిశోధనను ఆ ఏట ప్రచురించారు. అంతవరకు "శీతల రక్త జీవులు" అంటే పరిసరాల వేడికి కేవలం బానిసలని లోకం అనుకొనేది. అది నిజం కాదని వారు చూపించారు. బల్లులూ తొండలూ ఎండలోకి వచ్చి, నీడలోకి పోయి, రాయికి అతుక్కొని, కాళ్ళెత్తి నిలబడి, తమ ఒంటి వేడిని ఒక నిర్ణీతమైన స్థాయి దగ్గర నిలుపుకొంటాయి. ప్రతి జాతికీ తనదైన ఇష్టమైన వేడి ఉన్నది. నీడ అందకుండా ఎండలో కట్టివేస్తే ఎడారి ప్రాణి అయినా త్వరగా చచ్చిపోతుంది. అనగా దానికి కావలసింది కేవలం వేడి కాదు. వేడికీ చల్లదనానికీ నడుమ ఎంచుకొనే స్వేచ్ఛ. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటి సారం ఈ ఒక్క మాటలోనే ఉన్నది. మనిషి గోడ కట్టిన మరుక్షణం ఆ స్వేచ్ఛ పోతుంది. పోగొట్టినవాడే దానిని తిరిగి సమకూర్చాలి.

ఇప్పుడు గడ్డపు తొండ దగ్గరికి వద్దాము. ఈ జాతిని 1926లో ఆల్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల ఎగుమతిని 1960ల నుండి కట్టడి చేసింది. ఇతర దేశాలలో నేడు పెంచుతున్నవి ఏనాడో ఆ దేశం దాటిపోయిన కొద్దిపాటి జీవుల సంతతి అని భావిస్తారు. తరాలుగా గాజుపెట్టెల్లో పుట్టినా వాటి శరీరం మాత్రం ఆ ఎర్రమట్టి ఎండనే కోరుతుంది. పెట్టెలో ఒక కొసన దీపం కింద 38 నుండి 42 డిగ్రీల వేడి, రెండవ కొసన 25 డిగ్రీల ప్రాంతపు చల్లదనం ఉండాలి. రాత్రి 18 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి. వేడి పైనుండి రావాలి, ఎందుకంటే దాని సూర్యుడు పైన ఉంటాడు. కింద పెట్టే వేడిరాళ్ళ మీద పడుకొని, కాలుతున్నా వెంటనే గ్రహించక, పొట్ట కాల్చుకొన్న తొండలు ఎన్నో. పగలు అతినీలలోహిత కిరణాల దీపం పది పన్నెండు గంటలు వెలగాలి. రాత్రి మాత్రం చీకటి ఉండాలి. ఎదిగిన తొండ చలికాలంలో కొన్ని వారాలు మందగించి నిద్రపోవడం దాని సహజ ధర్మమే. అయితే ఆరోగ్యంగా, ఒళ్ళు తగ్గకుండా నిద్రించడం వేరు, చలికి కొయ్యబారడం వేరు. దీపం కిందికి చేర్చి కాసేపు వెచ్చబడనిచ్చినా కళ్ళు గుంటలు పడి, నోరు తెరచి ఊపిరి తీస్తూ ఉంటే అది నిద్ర కాదు, జబ్బు. అప్పుడు పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవలసిందే. ఒళ్ళు వెచ్చబడకుండా మేత పెట్టరాదు. చల్లని కడుపులో మేత అరగక కుళ్ళిపోతుంది.

మన జిల్లాల చలి ఎంతటిది అని ఎవరైనా అడగవచ్చు. మన్యంలో లంబసింగి వంటి చోట్ల పాదరసం సున్నా దాకా దిగిన సందర్భాలున్నాయి. పాచిపెంట, సాలూరు కొండల్లో ధనుర్మాసపు తెల్లవారుజాములు గట్టివే. తీరాన ఉన్న శ్రీకాకుళంలో రాత్రి వేడి పదహారు, పదిహేడు డిగ్రీల దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నం మళ్ళీ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదికి చేరుతుంది. మనకు ఇది చలి అనిపించదు. అడవిలోని నక్షత్ర తాబేలుకు కూడా ఇది ఆపద కాదు. రాత్రి గడ్డిదుబ్బు కింద దూరి, పొద్దెక్కిన తరువాత ఎండలోకి వచ్చి, ఒళ్ళు వెచ్చబడగానే మేతకు పోతుంది. చిక్కు అంతా గోడల మధ్య ఉన్నదానికే.

ఒక చిన్న లెక్క చెబుతాను. మన ప్రాంతం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మే నెల రెండవ వారంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు, గోడకు నీడే ఉండదు. డిసెంబరు చివరలో అదే సూర్యుడు దక్షిణానికి ఒరిగి, మిట్టమధ్యాహ్నం కూడా 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు ఆరడుగుల దక్షిణపు గోడ నీడ ఐదడుగులకు మించి లోపలికి పడుతుంది. వేసవిలో చూచి "ఇక్కడ ఎండ బాగా వస్తుంది" అని కట్టిన ఆవరణ సరిగ్గా ఎండ అవసరమైన నెలల్లో నీడలో ఉండిపోతుంది. ఏటా మార్చి, అక్టోబరు నెలలలో కొద్ది రోజులు ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకేటట్లు అరసవల్లి ఆలయాన్ని నిలిపారు. సూర్యుని నడకను అంత నిశితంగా గుర్తించిన స్థపతుల గడ్డ ఇది. తాబేలు ఆవరణకు తూర్పూ దక్షిణమూ తెరిపిగా ఉంచడం మనకు అసాధ్యం కాదు. నేల పొడిగా ఉండాలి. సిమెంటు గచ్చు రాత్రంతా ఒంటి వేడిని లాగేస్తుంది కనుక మట్టి, దాని మీద ఎండుగడ్డి పరచాలి. చలీ తేమా కలిస్తే తాబేలుకు ముక్కు కారి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పగలు ఇరవై ఎనిమిది నుండి ముప్పై రెండు డిగ్రీల వేడి ఒక మూల అందితే దానికి చాలు. మరొక మూల నీడ కూడా ఉండాలి.

దీపాన్నే నమ్ముకొన్నవారు మరొక సంగతి మరువరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అది అక్టోబరు కనుక వేడికి లోటు లేదు. పుష్యమాసంలో ఒక రాత్రంతా కరెంటు పోతే గాజుపెట్టెలోని ప్రాణి గతి ఏమిటి? వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టడం, పెట్టెను కంబళితో కప్పి గాలికి సందు వదలడం, తెల్లవారగానే గాజు అడ్డం లేని ఎండలో నీడ కూడా అందేటట్లు ఉంచడం తెలిసి ఉండాలి.

నక్షత్ర తాబేలు విషయంలో చట్టం కూడా తెలియాలి. దానిని ఇంట పెంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలులోకి చేరింది. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశం దాని అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించింది. ఇంతటి కట్టడికి కారణమున్నది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులోని ఒక్క కేంద్రం నుండే ఏడాదిలో కనీసం 55 వేల తాబేళ్ళను అడవి నుండి పట్టుకొని తరలించారని 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది. "ఇంట్లో ఉంటే అదృష్టం" అన్న నమ్మకం ఆ సంచులకు గిరాకీ కల్పించింది. సంచులలో కుక్కిన తాబేళ్ళలో ఎన్నో దారిలోనే చస్తాయి. అదృష్టం ఎవరికి? పొలంలో తాబేలు కనబడితే దానిని అక్కడే వదలివేయడం ఉత్తమం. గాయపడి ఉంటే అటవీశాఖకు తెలియజేయాలి. గుడికి సమర్పించడం కూడా ఇప్పుడు మంచి పని కాదు. దానికి దాని గడ్డిదుబ్బే చాలు.

ఇక మొదట మనవి చేసిన అఖండ దీపం సంగతి. నాటి దాతలు రాతి కూర్మం ముందు దీపం పెట్టి, అది ఆరకుండా ఆవులనూ భూములనూ ఏర్పాటు చేశారు. మన చేతికి చిక్కిన జీవకూర్మానికైనా, ఎక్కడి నుండో వచ్చి మన గాజుపెట్టెలో చిక్కుకొన్న గడ్డపు తొండకైనా కావలసింది అటువంటి ఏర్పాటే. ఒకనాటి ముచ్చట పనికిరాదు. ఈ ప్రాణులలో కొన్ని మనకంటె ఎక్కువకాలం బ్రతుకుతాయి. నక్షత్ర తాబేలు దశాబ్దాలు జీవిస్తుంది, గడ్డపు తొండ పదేళ్ళ ప్రాంతం. అన్ని చలికాలాలకూ సరిపడా దీపం, ఎండ, నీడ, చూచుకొనే మనిషి ఉన్నారా అని ముందే లెక్క వేసుకోవాలి. లేనివారు తేకుండా ఉండడమే ధర్మం.

మాఘశుద్ధ సప్తమినాడు అరసవల్లికి వేలాది జనం వస్తారు. దర్శనం చేసుకొని చాలామంది శ్రీకూర్మం కూడా వెళ్తారు. అక్కడ తాబేళ్ళను చూచినప్పుడు అవి ఎండలో ఉన్నాయా, నీడలో ముడుచుకొని ఉన్నాయా అని ఒక్క నిమిషం గమనించండి. ప్రసాదమూ వండిన అన్నమూ వాటి ముందు వేయకండి. పిల్లలు వెంట ఉంటే, అది ఎందుకు కదలడం లేదో వారికి చెప్పండి.

స్వస్తి.